ఈ-బైక్‌తో మొదటి మట్టి ట్రైల్: అమెరికాలోని మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లోని డాలస్, ఫ్రిస్కో, ఆర్కన్సాలోని బెంటన్‌విల్ చుట్టుపక్కల ఉంటూ కొత్తగా ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నవాళ్ళూ, కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళూ అడిగే ప్రశ్నలివి. సైకిల్ తొక్కడం వచ్చు, కానీ మట్టి దారిలో, రాళ్ళ మీద, చెట్ల మధ్య ఎప్పుడూ తొక్కలేదు అనేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాశాను. పోటీలకు వెళ్ళేవాళ్ళకి ఇందులో కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

మొదటి ట్రైల్ ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

తేలికా కష్టమా అన్నది తర్వాత. మీ బండిని అక్కడికి రానిస్తారా లేదా అన్నది ముందు. మామూలు సైకిల్ వాళ్ళకు ఈ తలనొప్పి చాలావరకు లేదు. మోటారు ఉన్న బండికి మాత్రం పక్కపక్కనే ఉన్న రెండు పార్కుల్లో రెండు రకాల నియమాలు ఉండొచ్చు.

అనుమతి ఉందని తేలాక చూడాల్సింది దిగుడు. ఎక్కుడు సంగతి మోటారు చూసుకుంటుంది. దిగేటప్పుడు అది మీకేమీ సాయం చేయదు, పైగా బండి బరువు మిమ్మల్ని ముందుకు తోస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది, మధ్యలో మానేయాలనిపిస్తే కారు దగ్గరికి ఎంత త్వరగా తిరిగి రావచ్చన్నది. చాలామంది ఫొటోలు బాగున్న ట్రైల్‌ని ముందు ఎంచుకుని, అనుమతి సంగతి శుక్రవారం రాత్రి వెతుకుతారు. శనివారం అలాగే పోతుంది.

క్లాస్ 1, క్లాస్ 2, క్లాస్ 3 అంటుంటారు. నాది ఏది?

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ మూడు తరగతుల పద్ధతినే పాటిస్తున్నాయి. క్లాస్ 1 అంటే మీరు పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, గంటకు 20 మైళ్ళు దాటగానే ఆగిపోతుంది. క్లాస్ 2లో వేగం పరిమితి అదే, కానీ థ్రాటిల్ ఉంటుంది, తొక్కకుండా కూడా వెళ్ళొచ్చు. క్లాస్ 3లో తొక్కితేనే సాయం, 28 మైళ్ళ దాకా. మూడింటికీ మోటారు సామర్థ్యం 750 వాట్ల లోపే ఉండాలి.

చాలా బండ్ల మీద తరగతి, వేగం, వాట్లు రాసిన స్టిక్కర్ ఉంటుంది. ఫ్రేమ్ కింది వైపు చూడండి. మట్టి ట్రైల్స్‌లో ఈ-బైక్‌కి అనుమతి ఉన్న చోట అది ఎక్కువగా క్లాస్ 1కే ఉంటుంది. ఇంకా కొననివాళ్ళు ఇక్కడే నిర్ణయం తీసుకోవచ్చు: ట్రైల్స్ కోసమే అయితే క్లాస్ 1 తప్ప ఇంకేదీ చూడకండి. యాప్‌లో వేగం పరిమితి తీసేసి 28కి మార్చుకుంటే ఏమవుతుందని కొందరు అడుగుతారు. అప్పుడది క్లాస్ 1 కాదు, స్టిక్కర్ మీద ఏం రాసి ఉన్నా సరే.

ఆన్‌లైన్‌లో కొన్న లావు టైర్ల బండి ఉంది, వెయ్యి డాలర్లు పెట్టాను. దాంతో వెళ్ళొచ్చా?

తారు దారి, కంకర దారి అయితే హాయిగా వెళ్ళండి. సన్నటి మట్టి ట్రైల్‌కి మాత్రం నేను వద్దంటాను. అలాంటి బండ్లలో ఎక్కువ వాటికి థ్రాటిల్ ఉంటుంది, అంటే చాలా చోట్ల అనుమతి దగ్గరే ఆగిపోతారు. ఇంకో ఇబ్బంది సెన్సర్‌ది. చవక బండ్లలో పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూసే సెన్సర్ ఉంటుంది. మీరు మెల్లగా ఒక చుట్టు తిప్పినా అది ఒక్కసారిగా ముందుకు లాగుతుంది. రోడ్డు మీద అది సరదాగానే ఉంటుంది, రెండు చెట్ల మధ్య మలుపులో కాదు. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచి అంతకు తగ్గ సాయం చేసే టార్క్ సెన్సర్, పెడల్స్ దగ్గరే మోటారు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు: ట్రైల్ బండికి ఈ మూడూ కావాలి. ఏ బండి కొన్నా మోటారు, బ్యాటరీ, ఛార్జర్ కలిసిన విద్యుత్ వ్యవస్థకి యూఎల్ 2849 అనే భద్రతా సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. రాత్రంతా గరాజ్‌లో ఛార్జింగ్‌కి పెట్టేది మీరే కదా.

అనుమతి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆ నేల ఎవరిదో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

నేషనల్ ఫారెస్ట్ అయితే అక్కడ ఈ-బైక్‌ని మోటారు వాహనంగానే లెక్కిస్తారు. మోటారు వాహనాలకు తెరిచిన రోడ్లు, ట్రైల్స్ మీద వెళ్ళొచ్చు. మిగతా ట్రైల్స్‌లోకి ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప వెళ్ళకూడదు. ఏవి తెరిచి ఉన్నాయో చూపే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌ని ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది. కొత్తవాళ్ళకి ఇది నష్టమేమీ కాదు. అడవిలో కంకర పరిచిన ఫారెస్ట్ రోడ్లు వెడల్పుగా ఉంటాయి, బండి అలవాటు కావడానికి వాటిని మించినవి లేవు.

నేషనల్ పార్కుల్లో 2020 చివర్లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఏ దారిలో ఈ-బైక్‌లను అనుమతించాలో ఆ పార్కు సూపరింటెండెంట్ నిర్ణయిస్తారు. కేంద్ర ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ నేలల్లోనూ నిర్ణయం స్థానిక అధికారిదే. 1964 చట్టం కింద విల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవుల్లోకి మాత్రం ఏ సైకిలూ వెళ్ళకూడదు, మోటారు ఉన్నా లేకపోయినా.

ఇక మనం ఎక్కువగా వెళ్ళేవి ఊరి పార్కులు, కౌంటీ పార్కులు. టెక్సస్‌నే తీసుకోండి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మామూలు సైకిళ్ళు తిరిగే చోట ఈ-బైక్‌లను ఊరికే నిషేధించకూడదు. కానీ మోటారు వాహనాలు తిరగని, పైన ఏమీ పరవని సహజమైన మట్టి దారులను ఆ నియమం నుంచి మినహాయించారు. అంటే కాంక్రీట్ దారి మీద సాధారణంగా బెంగ ఉండదు, దాని పక్కనే చెట్లలోకి వెళ్ళే మట్టి ట్రైల్‌కి మాత్రం ఆ సిటీ ఏం చెప్పిందో చూసుకోవాలి. పార్క్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి "క్లాస్ 1 ఈ-బైక్‌తో మట్టి ట్రైల్ మీదకి రావచ్చా" అని సూటిగా అడగండి. "బైక్స్ అలవ్డా" అని అడిగితే అవుననే అంటారు, అది మీ ప్రశ్నకి జవాబు కాదు.

యాప్‌లు పనికొస్తాయా?

పనికొస్తాయి. ట్రైల్‌ఫోర్క్స్‌లో ఒక్కో ట్రైల్ పేజీలో ఈ-బైక్‌కి అనుమతి ఉందా లేదా అన్న వివరం, కష్టం స్థాయి, ఎత్తుపల్లాల గీత, ఎటువైపు నుంచి తొక్కాలన్నదీ ఉంటాయి. ఎమ్‌టీబీ ప్రాజెక్ట్‌లో రైడర్లు రాసిన వర్ణనలు బాగుంటాయి. ఆల్‌ట్రెయిల్స్‌లో ఎక్కువమంది నడిచేవాళ్ళే, వాళ్ళు తేలిక అన్నది సైకిల్‌కి తేలిక కాకపోవచ్చు. మెట్లున్న ట్రైల్ కూడా నడిచేవాళ్ళకి తేలికే.

యాప్‌లోని అనుమతి వివరాలు ఎక్కించేది వలంటీర్లు, మీలాంటి రైడర్లు. అందుకే యాప్ ఒకటి చెప్పి, ట్రైల్ మొదట్లో ఉన్న బోర్డు ఇంకొకటి చెబితే బోర్డు మాటే వినాలి. వ్యాఖ్యల్లో పాతవి వదిలేసి గత రెండు నెలలవి చదవండి. పడిన చెట్లు, కోసుకుపోయిన దారి లాంటివి అక్కడే తెలుస్తాయి. ఇంకో చిన్న చిట్కా: ఎవరైనా హెల్మెట్ కెమెరాతో తీసిన వీడియో ఉంటే చూడండి. కాకపోతే వీడియోలో ప్రతి వాలూ చదునుగానే కనిపిస్తుంది, కాబట్టి అక్కడ కనిపించిన దానికన్నా కాస్త ఎక్కువే ఊహించుకోండి.

ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులకి అర్థం ఏమిటి?

ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి ఇది. తెల్ల వలయం అన్నిటికన్నా తేలిక: ఆరడుగులు లేదా అంతకన్నా వెడల్పు, గట్టి నేల. ఆకుపచ్చ వలయం తేలిక: కనీసం మూడడుగుల వెడల్పు, సగటు వాలు 5 శాతం లోపు, అంటే వంద అడుగులు వెళితే ఐదడుగుల ఎత్తు. ఎక్కడైనా గరిష్ఠంగా 15 శాతం. తప్పించుకోలేని అడ్డంకులు రెండంగుళాలకు మించవు. నీలం చతురస్రం దగ్గర లెక్క మారుతుంది: వెడల్పు రెండడుగులకు తగ్గొచ్చు, దారికి అడ్డంగా ఎనిమిదంగుళాల రాయో వేరో ఉండొచ్చు. నల్ల వజ్రం గుర్తు గురించి ఈ ఏడాది మర్చిపోండి.

రెండంగుళాలకీ ఎనిమిదంగుళాలకీ ఉన్న తేడా కాగితం మీద చిన్నదే. ఎనిమిదంగుళాలంటే దాదాపు ఇంటి మెట్టు ఎత్తు. పాతిక కిలోల బండితో దాన్ని దిగడం నేర్చుకోవాలే తప్ప తెలియకుండా దాని మీదకి పోకూడదు.

ఈ రంగులు ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉంటాయి. వాటిని నిర్ణయించేది స్థానికంగా ట్రైల్ కట్టినవాళ్ళు. కొండల రాష్ట్రంలో ఆకుపచ్చ అన్నది డాలస్‌లో నీలంలా అనిపించొచ్చు. కొత్త ఊరికి వెళితే మీకు అలవాటైన రంగు కన్నా ఒక మెట్టు కింది నుంచి మొదలుపెట్టండి.

మోటారు ఉంది కదా, కొంచెం కష్టమైన ట్రైల్‌కి వెళితే ఏమవుతుంది?

ఎక్కడం వరకు ఏమీ కాదు. అసలు చిక్కే అది.

మామూలు సైకిల్ మీద కొత్తవాళ్ళు వాళ్ళ స్థాయికి మించిన ట్రైల్‌లోకి ఎక్కువ దూరం వెళ్ళలేరు. మొదటి పెద్ద ఎక్కుడులోనే ఆయాసం వచ్చి వెనక్కి తిరుగుతారు. ఈ-బైక్‌కి ఆ అడ్డు లేదు. చెమట పట్టకుండా పైకి చేరుకుంటారు, తీరా చూస్తే దిగాల్సినది మీకు చేతకాని దారి. మామూలు మౌంటెన్ బైక్ 13 నుంచి 15 కిలోలు ఉంటే, పూర్తి సస్పెన్షన్ ఉన్న ఈ-బైక్ 20 నుంచి 25 కిలోలు. దిగుడులో ఆ పది కిలోలు బ్రేకుల మీద, మీ చేతుల మీద పడతాయి. ఆపడానికి ఎక్కువ దూరం పడుతుంది, మలుపు తిప్పడానికి ఎక్కువ బలం కావాలి.

అందుకే ఎత్తుపల్లాల గీత చూసేటప్పుడు మొత్తం ఎంత ఎక్కాలన్న అంకె పట్టించుకోకండి. గీత ఎక్కడ నిటారుగా కిందికి పడుతోందో చూడండి. ఎక్కుడు నిటారుగా, దిగుడు మెల్లగా ఉన్న లూప్ (బయలుదేరిన చోటికే తిరిగొచ్చే దారి) మీకు అచ్చంగా సరిపోతుంది. అదే లూప్‌ని తిరగేసి తొక్కితే సరిపోదు. ఎటువైపు తిరగాలన్న బాణం గుర్తు లేని ట్రైల్ అయితే ఈ ఒక్క విషయం చూసి దిశ నిర్ణయించుకోండి.

దిగేటప్పుడు సీటు దించండి, పెడల్స్ రెండూ నేలకి సమాంతరంగా ఉంచి వాటి మీద నిలబడండి, రెండు బ్రేకులూ ముందు నుంచే మెల్లగా పట్టండి. మలుపులోకి వెళ్ళాక గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది.

డాలస్ వైపు ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి ఒకటి రెండు సార్లు మట్టి ట్రైల్‌కి వెళ్ళకండి. మీ ఇంటి దగ్గరి కాంక్రీట్ గ్రీన్‌వే (నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వేసిన దారి) మీద బండి అలవాటు చేసుకోండి. బ్రేకులు, గేర్లు, మోటారు మోడ్‌లు చూడకుండా మార్చగలిగితే చాలు.

తర్వాత మెకిన్నీలోని ఎర్విన్ పార్క్ లాంటిది చూడొచ్చు. పెద్ద కొండలేమీ లేవు, కొంత చెట్లలో, కొంత బయలులో సాగుతుంది. ప్లేనోలోని ఆర్బర్ హిల్స్ చిన్నది, కానీ వారాంతాల్లో నడిచేవాళ్ళు, పిల్లలు కిటకిటలాడతారు. వెళితే పొద్దున్నే వెళ్ళాలి. గార్లండ్‌లోని రోలెట్ క్రీక్‌లో నంబర్లున్న లూపులు చాలా ఉంటాయి, వాగు గట్ల దగ్గర పొట్టిగా, నిటారుగా దిగే చోట్లున్నాయి. గ్రేప్‌వైన్ సరస్సు ఒడ్డున నార్త్‌షోర్ పేరున్న ట్రైల్, చూడటానికి అందంగా ఉంటుంది, రాళ్ళూ వేర్లూ ఎక్కువ. దాన్ని తర్వాతి సీజన్‌కి ఉంచుకోండి. వీటిలో ఒక్కోటి ఒక్కో సిటీ కిందో, వేరే సంస్థ కిందో ఉంటుంది. గ్రేప్‌వైన్ సరస్సు నేల ఆర్మీ ఇంజనీర్ల విభాగానిది. కాబట్టి పైన చెప్పిన ఫోన్ కాల్ ఒక్కోదానికి విడిగా చేయాల్సిందే.

ఈ ప్రాంతపు ట్రైల్స్‌లో చాలావాటిని చూసుకునేది డాలస్ ఆఫ్-రోడ్ బైసికిల్ అసోసియేషన్. అందరూ డోర్బా అంటారు. ఏ ట్రైల్ తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నది వాళ్ళ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. బయలుదేరే ముందు చూడటం అలవాటు చేసుకోండి.

నిన్న వాన పడింది. ఇవాళ ఎండ కాస్తోంది. వెళ్ళొచ్చా?

మూసి ఉందని చూపిస్తుంటే వద్దు. డాలస్ తూర్పు, ఉత్తర భాగాల్లో ఉన్నది బ్లాక్‌ల్యాండ్ నేల, మన నల్లరేగడి జాతిదే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు పొలాల్లో వానాకాలం నడిచినవాళ్ళకి ఇక చెప్పక్కర్లేదు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, పది గజాలు వెళ్ళేసరికి టైరుకీ ఫోర్క్‌కీ మధ్య మట్టి ముద్దలై చక్రం తిరగడం ఆగిపోతుంది. ఈ-బైక్ అయితే మోటారు లాగుతూనే ఉంటుంది, వెనక చక్రం దగ్గర గేరు మార్చే డెరైలర్ విరిగేది అలాంటప్పుడే. మీరు వదిలిన గాడి ఆరాక రాయిలా గట్టిపడి నెలల తరబడి ఉంటుంది, దాన్ని పారలతో సరిచేసేది సెలవు రోజున వచ్చే వలంటీర్లు. ఇప్పటికే ఈ-బైక్‌లంటే ముఖం చిట్లించేవాళ్ళున్నారు, వాళ్ళకి మనం ఇంకో కారణం ఇవ్వడం ఎందుకు?

వాన పడిన రోజుకి కాంక్రీట్ దారి ఉండనే ఉంది.

బెంటన్‌విల్ గురించి అంతా చెబుతారు. కొత్తవాళ్ళకి అక్కడ ఏముంది?

చాలా ఉంది. వాల్‌మార్ట్ ఉద్యోగాల వల్ల అక్కడ మనవాళ్ళకీ కొదవ లేదు, డాలస్ నుంచి కారులో ఐదారు గంటల్లో వెళ్ళొచ్చు. ఊరి మధ్య నుంచే ట్రైల్స్ మొదలవుతాయి, కారు తీయాల్సిన పని లేదు. క్లాస్ 1 ఈ-బైక్‌లను ఊళ్ళోని మట్టి ట్రైల్స్ మీదకి రానిస్తారు. కొత్తవాళ్ళకి ఆ ఊరిని నేను ముందు చెప్పడానికి కారణం అదే: అనుమతి గొడవ తక్కువ, తొక్కడం మీదే మనసు పెట్టొచ్చు.

మొదటి రోజు రేజర్‌బ్యాక్ గ్రీన్‌వే మీద తిరగండి. ఫెయెట్‌విల్ దాకా సుమారు 40 మైళ్ళు సాగే, నున్నగా పరిచిన దారి అది. రెండో రోజు కోలర్ మౌంటెన్ బైక్ ప్రిజర్వ్. లోయ మధ్యలో చదును దారి, దానికి రెండు పక్కలా మట్టి ట్రైల్స్. భయమేస్తే రెండు నిమిషాల్లో చదును దారికి వచ్చేయొచ్చు. నడిచో, సైకిల్ మీదో మాత్రమే చేరుకోగల కాఫీ షాపు కూడా లోపల ఉంది. కోలర్‌లోనే పెద్ద పెద్ద జంప్‌లున్న దారులూ ఉన్నాయి, కాబట్టి ప్రతి చీలిక దగ్గరా ఆగి రంగు చూసుకునే వెళ్ళాలి. స్లాటర్ పెన్ అనే ట్రైల్స్ ఉన్న చోటు ఇంకోవైపు, క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం దగ్గర్లో ఉంటుంది. ఇంట్లో సైకిల్ తొక్కనివాళ్ళు మ్యూజియం చూస్తుంటారు, మీరు ట్రైల్‌కి వెళ్ళి రావచ్చు. పక్కనే బెల్లా విస్టాలో బ్యాక్ 40 అని పొడవైన లూప్ ఉంది, మొదటి ప్రయాణంలో దాని జోలికి వెళ్ళకండి.

ఓజార్క్ కొండల్లో చెకుముకి రాళ్ళు ఎక్కువ, అంచులు పదునుగా ఉంటాయి. ట్యూబ్‌లెస్ టైర్లయినా పంక్చర్ సామాన్లు దగ్గర ఉంచుకోండి.

బ్యాటరీ ఎంత దూరం వస్తుంది? మధ్యలో అయిపోతే?

మీ బరువు, నేల, మోడ్, ఎండ అన్నిటినీ బట్టి మారుతుంది, కాబట్టి కంపెనీ చెప్పిన మైళ్ళలో సగమే లెక్కేసుకోండి. ట్రైల్ బండ్లలో బ్యాటరీలు సాధారణంగా 500 నుంచి 750 వాట్-అవర్ల మధ్య ఉంటాయి, కొత్తవాళ్ళు తిరిగే ఐదారు మైళ్ళకి అది ఎక్కువే. నిజానికి ముందు అయిపోయేది మీ అరచేతులు, భుజాలు.

అయినా పెద్ద లూప్ ఒకటి తిరగడం కన్నా కారు చుట్టూ చిన్న లూపులు రెండు మూడు తిరగడం మేలు. వెళ్ళిన దారినే వెనక్కి రావాల్సిన ట్రైల్ అయితే బ్యాటరీలో మూడో వంతు ఖర్చవగానే తిరగండి.

ఏ మోడ్‌లో తొక్కాలి?

మోటారు అన్నిటికన్నా తక్కువ సాయం చేసే ఎకో, లేదా దాని పైది. టర్బో, బూస్ట్ అని పేర్లున్నవి కంకర రోడ్డు ఎక్కుడుకి ఉంచుకోండి. సన్నటి దారిలో అవి ఇచ్చే తోపుడుకి వెనక చక్రం గిర్రున తిరిగి జారుతుంది. ఎక్కుడు మొదలవక ముందే గేరు తేలిక చేయండి. నెట్టుకుంటూ ఎక్కాల్సి వస్తే వాక్ మోడ్ ఉంటుంది, దాన్ని వాడటం ఇంట్లోనే నేర్చుకోండి.

మా ఆవిడది మామూలు సైకిల్, నాది ఈ-బైక్. కలిసి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, ఆవిడ ముందు ఉండాలి. వేగం ఆవిడ నిర్ణయిస్తారు, మీరు ఎకోలో వెనక రావాలి. ఇది పాటించని జంటలు రెండోసారి కలిసి వెళ్ళగా చూడలేదు. పిల్లలుంటే, మీ రాష్ట్రంలో ఏ క్లాస్‌కి ఎంత వయసుండాలో ముందే చూడండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని గ్రీన్‌వే దాటించకండి. వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్స్‌లో సాహస క్రీడల ఖర్చులు వర్తిస్తాయో లేదో చదివితే ఎందుకన్నానో తెలుస్తుంది.

ఎదురుగా మనుషులు, గుర్రాలు వస్తే?

సైకిల్ వాళ్ళే ఇద్దరికీ దారి ఇవ్వాలి. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి ఇవ్వాలి. గుర్రం కనిపిస్తే పూర్తిగా ఆగి, మోటారు ఆపి, రౌతుతో మామూలుగా మాట్లాడండి. మనిషి గొంతు వింటే గుర్రం సాధారణంగా అంతగా బెదరదు. ఎక్కుడులో మామూలు సైకిల్ వాళ్ళ వెనక అతుక్కుని వెళ్ళకండి. వాళ్ళు రొప్పుతుంటే మీరు నవ్వుతూ దాటిపోవడం ఎవరికీ నచ్చదు. దారి వెడల్పయ్యే దాకా ఆగి, చెప్పి దాటండి.

కారు మీద, విమానంలో ఎలా తీసుకెళ్ళాలి?

కారు పైకప్పు రాక్‌లు వద్దు. వెనక హిచ్‌కి తగిలించే ప్లాట్‌ఫామ్ రాక్ తీసుకోండి, ఒక్కో బైక్‌కి 60 పౌండ్లు మోయగలదని రాసి ఉండాలి. బ్యాటరీ తీసి కారు లోపల పెడితే బండి బరువు తగ్గుతుంది. ఎండాకాలం ఆ కారులోనే బ్యాటరీ వదిలేసి భోజనానికి వెళ్ళకండి. విమానం సంగతి మర్చిపోండి. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని తీసుకెళ్ళనివ్వరు. దూరం వెళితే అక్కడే అద్దెకి తీసుకోవడం నయం. అద్దె షాపు వాళ్ళకి ఏ ట్రైల్‌లో ఏ క్లాస్ నడుస్తుందో బాగా తెలుసు.

పాములు, పురుగులు?

టెక్సస్‌లో కాపర్‌హెడ్ పాములుంటాయి, ఎండిన ఆకుల రంగులో కలిసిపోతాయి. మీరు దారి వదలకుండా ఉంటే అవి సాధారణంగా మీ జోలికి రావు. మూడేసి ఆకులుగా ఉండే పాయిజన్ ఐవీ తగిలితే దద్దుర్లు వారాల పాటు వేధిస్తాయి. ఇంటికొచ్చాక టిక్స్ (ఒంటికి అతుక్కుని రక్తం పీల్చే చిన్న పురుగులు) కోసం మోకాళ్ళ వెనక, మెడ దగ్గర చూసుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డాలస్‌లో పొద్దున తొమ్మిదింటికల్లా తిరిగి వచ్చేయాలి.

ఈ బండిని ఇండియా తీసుకెళ్ళి అరకు, అనంతగిరి వైపు తొక్కొచ్చా?

బ్యాటరీ విమానం ఎక్కదని పైనే చెప్పాను. ఇంకో చిక్కు, ఇండియాలో రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేని ఎలక్ట్రిక్ బండి అంటే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు. అమెరికాలో క్లాస్ 1 బండి 20 మైళ్ళ దాకా, అంటే 32 కిలోమీటర్ల దాకా సాయం చేస్తుంది, ఆ లెక్కలోకి రాదు. రంగుల గుర్తులున్న ట్రైల్స్ కూడా అక్కడ ఆశించకండి. రిజర్వ్ ఫారెస్ట్, అభయారణ్యం అయితే అటవీ శాఖ అనుమతి కావాలి. సెలవుల్లో వెళ్ళినప్పుడు మామూలు గేర్ సైకిల్ అద్దెకి తీసుకుని అరకు లోయలో ఊళ్ళ మధ్య రోడ్ల మీద తిరగండి, అదే బాగుంటుంది.